ఇంటి చదువు ఏ పద్దు కింద?

అమెరికాలో 1950ల నాటి హైస్కూళ్లలో హోమ్ ఎకనామిక్స్ గది అంటే చాలాచోట్ల ఒకే గదిలో నాలుగైదు చిన్న వంటిళ్లు. ఒక్కో వంటింటికీ ఇంట్లో ఉండేపాటి స్టవ్వు, ఒక సింకు, గోడకి అలమరాలు, నలుగురు కూచుని తినే బల్ల. ఆడపిల్లలు నలుగురైదుగురు ఒక జట్టుగా, ఒక కుటుంబంలా ఆ వంటింటిని పంచుకునేవారు. ఒకరు వండితే ఒకరు వడ్డించాలి, ఒకరు గిన్నెలు కడగాలి, ఒకరు ఖర్చు లెక్క రాయాలి. గదికి అవతలి వైపు కుట్టుమిషన్ల వరుస. ఇప్పుడు అదే దేశంలో కొత్తగా కడుతున్న హైస్కూళ్లలో ఆ చోటున కనబడేది వేరు. గదంతా కలిపి ఒకటే పెద్ద వంటశాల. స్టీలు బల్లలు, పైన పొగ లాగేసే పెద్ద హుడ్. గిన్నెలు తోమడానికి ఒకటి, జాడించడానికి ఒకటి, క్రిమిసంహారక మందు కలిపిన నీళ్లలో ముంచడానికి ఒకటి చొప్పున మూడు తొట్ల సింకు. చేతులు కడుక్కోవడానికి విడిగా ఇంకొకటి. ఫారెన్‌హీట్‌లో 41కీ 135కీ మధ్య వేడిలో వండిన పదార్థాన్ని ఎక్కువసేపు ఉంచితే సూక్ష్మక్రిములు పెరుగుతాయన్నది అక్కడ మొదటి పాఠం. ఆడపిల్లలూ మగపిల్లలూ తెల్ల కోట్లు తొడుక్కుని, రెస్టారెంట్లు అడిగే సర్వ్‌సేఫ్ పరీక్షకి తయారవుతుంటారు. మొదటి గదిని కుటుంబాన్ని మనసులో పెట్టుకుని కట్టారు, రెండోదాన్ని హోటల్ని మనసులో పెట్టుకుని కట్టారు. చెప్పే సబ్జెక్టు మాత్రం ఒకటే. అప్పుడు దాన్ని హోమ్ ఎకనామిక్స్ అన్నారు, ఇప్పుడు ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ అంటున్నారు.

ఈ మార్పు గురించి మామూలుగా చెప్పుకునే కథ తేలికైనది. ఒకప్పుడు ఆడపిల్లల్ని ఇంటికి కట్టిపడేసే చదువు ఉండేది, స్త్రీలు ఉద్యోగాలకి వెళ్లడం మొదలుపెట్టాక అది కాలం చెల్లింది, ఆ తర్వాత పేరు మార్చుకుని ఉద్యోగాలకి దారి చూపే కోర్సుగా తేరుకుంది, అంతే. ఈ కథలో అబద్ధం లేదు కానీ అసలు ముడి ఉన్నది వేరేచోట. బడిలో ఇంటి చదువు ఎలా ఉండాలో తేల్చినవి ఆశయాలూ ఉద్యమాలూ కొంతవరకే. ఎక్కువగా తేల్చినవి దానికి డబ్బిచ్చిన చట్టాలు. 1917లో ఒక చట్టం ఈ చదువుని జీతం రాని పని కిందికి తోసింది. 1963 నుంచి వచ్చిన చట్టాలు దాన్ని మెల్లమెల్లగా జీతం వచ్చే పని కిందికి తోశాయి. ఇల్లు నడిపే తెలివీ, ఆ తెలివి మీద నిలబడే ఉద్యోగాలూ ఒకే శాస్త్రానికి రెండు ముఖాలని ఈ చదువుని మొదలుపెట్టినవాళ్లకి తెలుసు. చట్టాలు మాత్రం ఎప్పుడూ ఒక ముఖానికే డబ్బు మంజూరు చేశాయి. ఇవాళ కెరీర్ పాత్‌వే అని పిలుస్తున్న ఏర్పాటుని కొత్త సంస్కరణగా చూడటం కంటే, ఆ పాత తప్పుకి ఇంకో కొసగా చూడటం సబబు.

మొదలుపెట్టినవాళ్ల సంగతి ముందు చూడాలి. క్యాథరిన్ బీచర్ 1841లో గృహ నిర్వహణ మీద ఒక పాఠ్యగ్రంథం రాసింది. 1862 నాటి మోరిల్ చట్టంతో వచ్చిన భూదాన కళాశాలల్లో అయోవా, కాన్సాస్, ఇల్లినాయ్ 1870ల్లోనే అమ్మాయిలకి ఈ పాఠాలు పెట్టాయి. కానీ దీన్ని శాస్త్రంగా నిలబెట్టిన మనిషి ఎలెన్ స్వాలో రిచర్డ్స్. ఎంఐటీలో చేరిన మొదటి విద్యార్థిని ఆమె. 1873లో రసాయన శాస్త్రంలో పట్టా తీసుకుంది. ఆమె దగ్గర ఫీజు తీసుకోలేదు. దయతో కాదు, ఎవరైనా అడిగితే ఈమె మా విద్యార్థిని కాదని చెప్పడానికి వీలుగా ఉంటుందని. అలాంటి ఆమె 1880ల చివర్లో మసాచుసెట్స్ రాష్ట్రం నలుమూలల నుంచీ తెప్పించిన వేల నీటి నమూనాల్ని పరీక్షించి, ఎక్కడి నీళ్లు కలుషితమో తేల్చే పటం తయారుచేసింది. తాగే నీళ్లు, తినే తిండి, పీల్చే గాలి ఇంట్లోకి వచ్చే శాస్త్ర విషయాలని ఆమె వాదన. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె నడిపించిన రంఫర్డ్ కిచెన్‌లో 30 సెంట్లకి భోజనం పెట్టి, ఆ భోజనంలో మాంసకృత్తులెన్ని, కొవ్వెంత, కేలరీలెన్ని అన్నది మెనూ కార్డు మీద రాసి ఇచ్చారు. ఇవాళ ప్రతి బిస్కెట్ పొట్లం వెనకా కనబడే పోషకాల పట్టికకి అదో తొలి రూపం. ఆ మరుసటి ఏడు నుంచే బోస్టన్‌లో ఆమె బృందం హైస్కూలు పిల్లలకి మధ్యాహ్న భోజనాలు సరఫరా చేసింది. 1899లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో మెల్విల్ డ్యూయీ, ఆనీ డ్యూయీ దంపతుల ఆతిథ్యంలో పట్టుమని పదిహేను మంది కూడా లేకుండా జరిగిన సమావేశంలోనే ఈ విద్యకి హోమ్ ఎకనామిక్స్ అని పేరు ఖాయం చేశారు. ఏటా సాగిన ఆ సమావేశాల్లోంచే పదేళ్లు తిరక్కుండా అమెరికన్ హోమ్ ఎకనామిక్స్ అసోసియేషన్ పుట్టింది. దానికి మొదటి అధ్యక్షురాలు రిచర్డ్సే. అక్కడ చర్చకి వచ్చినవి వంటా కుట్టూ మాత్రమే కావు. పారిశుధ్యం, సంస్థల్లో భోజన నిర్వహణ, పరిశోధన, స్త్రీలకి కొత్త ఉద్యోగాలు కూడా వచ్చాయి. ఇంట్లో వాడుకునే విద్యా, బయట బతుకుతెరువు చూపే విద్యా వాళ్ల దృష్టిలో విడివిడి కావు.

వాటిని విడదీసింది స్మిత్-హ్యూస్ చట్టం. 1917 ఫిబ్రవరి 23న అధ్యక్షుడు విల్సన్ సంతకం చేసిన ఈ చట్టం కాలేజీ కంటే కింది స్థాయిలో వృత్తి విద్యకి కేంద్రం డబ్బు మొదటిసారి తెచ్చింది. కేంద్రం ఒక డాలరిస్తే రాష్ట్రం ఇంకో డాలరు కలపాలి. చట్టం ఉద్దేశం వ్యవసాయం, పరిశ్రమలు, చేతిపనుల్లో పద్నాలుగేళ్లు దాటిన పిల్లల్ని పనికి సిద్ధం చేయడం. హోమ్ ఎకనామిక్స్‌ని కూడా ఈ జాబితాలో చేర్చారు. ఎలా చేర్చారన్నదే కీలకం. ఇల్లాలి పనిని ఒక వృత్తిగా లెక్కగట్టారు, ఆ వృత్తికి శిక్షణ ఇస్తున్నట్టు పద్దు రాశారు. ఒకందుకు ఇది పెద్ద గెలుపు. ఇంటి పని పనే అని ఒక దేశపు చట్టం ఒప్పుకోవడం అంతకు ముందు ఎక్కువగా వినని సంగతి. కానీ అదే చట్టం పనివిద్యలూ పరిశ్రమల టీచర్ల జీతాలకి కేటాయించిన డబ్బులో హోమ్ ఎకనామిక్స్ టీచర్లకి నూటికి 20 మించి ఖర్చుపెట్టకూడదని గిరి గీసింది. గౌరవం నోటితో ఇచ్చి, డబ్బు గిద్దెడు కొలిచి ఇచ్చారన్నమాట. 1929లో జార్జ్-రీడ్ చట్టం కొత్త కేటాయింపులో సగం వ్యవసాయానికీ సగం హోమ్ ఎకనామిక్స్‌కీ పంచింది. అప్పటికి ఈ చదువు రూపం గట్టిపడిపోయింది. డబ్బు ఇల్లాలి వృత్తి పేరున వస్తోంది కాబట్టి బడులు ఇల్లాలినే తయారుచేయాలి.

ఆ షరతు పాఠాల్లోకి ఎలా దిగిందో హోమ్ ప్రాజెక్టు అనే ఏర్పాటులో కనబడుతుంది. వ్యవసాయం చదివే అబ్బాయి తన పొలంలో ఒక మడి సాగుచేసి లెక్క చూపించాలన్న నియమం ఉండేది. దానికి జోడీగా అమ్మాయి తన ఇంట్లో ఒక పని ఎత్తుకుని పూర్తిచేసి చూపించాలి. తమ్ముడికి బట్టలు కుట్టడమో, వారం రోజుల భోజనం ప్రణాళిక వేయడమో, పడగ్గది సర్దడమో ఏదో ఒకటి. టీచరు ఇంటికొచ్చి చూసి, తల్లితో మాట్లాడి మార్కులు వేసేది. ఈ పద్ధతిలో మంచి ఉంది. బడికీ ఇంటికీ మధ్య తలుపు తెరిచింది. కానీ చట్టం ఊహించుకున్న ఇల్లు ఒకే రకం. జీతం తెచ్చే భర్త, జీతం లేని భార్య, సొంత వంటిల్లు ఉన్న ఇల్లది. ఇతరుల ఇళ్లలో పనిచేసే తల్లులున్న నల్లజాతి అమ్మాయిలకి ఈ కొలత కుదరలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో వాళ్ల బడులు వేరు, నిధులు తక్కువ. అక్కడ ఇదే చదువు తరచూ పనిమనిషి శిక్షణగా దిగజారింది. విద్యార్థి సంఘాలూ రెండుగానే నడిచాయి. 1945లో ఫ్యూచర్ హోమ్‌మేకర్స్ ఆఫ్ అమెరికా మొదలైతే, వర్ణ విభజన ఉన్న రాష్ట్రాల్లోని నల్లజాతి విద్యార్థులకి న్యూ హోమ్‌మేకర్స్ ఆఫ్ అమెరికా అని వేరే సంఘం. రెండూ కలిసింది 1965లో. ఇంటి పని వృత్తి అని చెప్పిన చట్టం కింద, ఎవరి ఇంట్లో ఎవరు చేసే పని అన్న ప్రశ్నకి రంగును బట్టి జవాబు మారింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఇంత చెప్పి, ఈ చదువు ఆడవాళ్లకి సంకెల అని ఒప్పుకోవచ్చు కదా, పోతే పోయిందని ఊరుకోవచ్చు కదా? 1970ల తొలి రోజుల్లో స్త్రీవాద రచయిత్రి రాబిన్ మోర్గన్ హోమ్ ఎకనామిక్స్ సంఘం సభకే వచ్చి, ఈ రంగంలో ఉన్నవాళ్లు దాన్ని వదిలిపెట్టడమే మేలన్నంత ఘాటుగా మాట్లాడారు. ఆ ఘాటుకి ఆధారాలు లేకపోలేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1919 నుంచి 1969 దాకా అనాథాశ్రమాల నుంచి పసిబిడ్డల్ని తెచ్చి, శిక్షణ ఇంట్లో ఉండే విద్యార్థినులకి పెంచడం నేర్చుకోమని అప్పగించేవారు. ఒక బిడ్డకి వంతులవారీగా అనేకమంది తల్లులు. పాలు ఎప్పుడు పట్టారో, ఎంతసేపు నిద్రపోయాడో అన్నిటికీ చిట్టా. శాస్త్రం పేరుతో బిడ్డని ప్రయోగశాల సామగ్రిని చేసిన ఆ ఏర్పాటుని ఇవాళ ఎవరూ సమర్థించరు. కానీ అదే కాలంలో అదే విద్య చదివినవాళ్లు చేసిన మిగతా పని కూడా లెక్కలోకి రావాలి. వ్యవసాయ శాఖలో 1923లో మొదలైన బ్యూరో ఆఫ్ హోమ్ ఎకనామిక్స్, రసాయన శాస్త్ర విభాగాలు తలుపులు మూసేసిన కాలంలో స్త్రీ శాస్త్రవేత్తలకి పెద్ద ఆసరా అయింది. మనిషికి రోజుకి ఏ పోషకం ఎంత కావాలో చెప్పే సిఫార్సుల్ని 1941లో తయారుచేసిన కమిటీకి అధ్యక్షురాలు లిడియా రాబర్ట్స్, చికాగో విశ్వవిద్యాలయపు హోమ్ ఎకనామిక్స్ ఆచార్యురాలు. అమెరికా ప్రభుత్వం ఇవాళ్టికీ వాడే దారిద్ర్య రేఖ కూడా ఈ వంటింటి లెక్కలోంచే వచ్చింది. ఆ బ్యూరో పేరు మారాక అందులో పనిచేసిన మాలీ ఓర్షాన్‌స్కీ 1960ల మొదట్లో, వ్యవసాయ శాఖ వేసిన అతి తక్కువ ఖర్చు భోజన ప్రణాళికని తీసుకుంది. సగటు కుటుంబం రాబడిలో మూడో వంతు తిండికి పోతోందని 1955 సర్వే చెప్పింది కాబట్టి, ఆ భోజనం ఖర్చుని మూడుతో హెచ్చవేసింది. అదే రేఖ. ఇంటి ఖర్చు లెక్క రాయడం నేర్పిన విద్య ఒక దేశంలో పేదలెవరో తేల్చే కొలబద్ద అయింది. దీన్ని ఒట్టి సంకెల అనలేం. కాలేజీల్లోనూ ప్రభుత్వ శాఖల్లోనూ ఈ విద్యకి ఉన్న విశాలత హైస్కూలు దాకా దిగలేదు. దిగకపోవడానికి కారణం అక్కడి డబ్బు ఇల్లాలి పద్దు కింద రావడం.

ఆ పద్దు మారిన తీరే నా వాదనకి గట్టి రుజువు. 1950 నాటికే అమెరికా స్త్రీలలో మూడోవంతు మంది ఉద్యోగాల్లో, ఉద్యోగాల వేటలో ఉన్నారు. ఆ తర్వాత పదేళ్లలో ఆ సంఖ్య పెరిగిందే గాని తగ్గలేదు. అయినా హైస్కూలు హోమ్ ఎకనామిక్స్ ఇంటి గడప దాటలేదు. 1963 వృత్తి విద్యా చట్టం వచ్చి, హోమ్ ఎకనామిక్స్‌కి ఇచ్చే కేంద్ర నిధుల్లో కనీసం నూటికి పది జీతం వచ్చే ఉద్యోగాల శిక్షణకి ఖర్చుచేయాలని షరతు పెట్టాక గడప దాటింది. శిశు సంరక్షణ సహాయకులు, ఆహార సేవలు, దుస్తుల తయారీ లాంటి కోర్సులు అప్పుడు బడుల్లోకి వచ్చాయి. 1968 సవరణలు మిగతా భాగానికి వినియోగదారుల విద్య జోడించి, అందులో మూడోవంతు వెనకబడిన ప్రాంతాలకి వెళ్లాలన్నాయి. అప్పు, వాయిదాలు, సరుకు నాణ్యత లాంటి పాఠాలు అలా పెరిగాయి. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. 1975 నుంచి అమల్లోకి వచ్చిన దాని నిబంధనలు, ఆడామగా తేడా చూపకూడని కోర్సుల పేర్లు చెబుతూ హోమ్ ఎకనామిక్స్‌ని నేరుగా ప్రస్తావించాయి. మగపిల్లలు తరగతిలోకి వచ్చారు. ఒంటరి మగవాడు ఇల్లు నడుపుకోవడం ఎలా అన్న తరహా కోర్సులు కొన్నాళ్లు బాగా నడిచాయి. ప్రతి మలుపులోనూ ముందు చట్టం మారింది, తర్వాతే పాఠం మారింది.

ఆ తర్వాతి నలభై ఏళ్లూ ఒకే దిక్కుగా సాగాయి. 1983లో ఎ నేషన్ ఎట్ రిస్క్ నివేదిక ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రం, కంప్యూటర్లు బిగించమంది. పెళ్లికీ పెద్దరికానికీ శిక్షణ లాంటి కోర్సుల్లో పిల్లలు మార్కులు పోగేసుకుంటున్నారని ఎత్తిపొడిచింది. కెంటకీ ప్రతినిధి కార్ల్ పెర్కిన్స్ పేరున 1984లో వచ్చిన చట్టం వినియోగదారుల, గృహ నిర్వహణ విద్యకి విడిగా నిధులు ఉంచింది. 1993లో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో ఈ రంగం పెద్దలంతా కూచుని ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్ అనే పేరు ఎంచుకున్నారు, మరుసటి ఏడు సంఘం పేరు మారింది. 1998లో పెర్కిన్స్ చట్టాన్ని తిరగరాసినప్పుడు గృహ నిర్వహణకి ఉన్న ఆ విడి పద్దు ఎగిరిపోయింది. 2006 సవరణ, హైస్కూలు నుంచి కాలేజీ దాకా ఒకదాని మీద ఒకటి కట్టే కోర్సుల వరస ఉంటేనే నిధులంది. 2018 సవరణ స్థానికంగా ఏ ఉద్యోగాలకి గిరాకీ ఉందో చూసి ఆ వరసలు ఎంచుకోమంది. రెండు కోర్సులైనా ఒకే వరసలో పూర్తిచేసిన పిల్లల్నే ఆ చట్టం ముఖ్యంగా లెక్కబెడుతుంది. కాబట్టి బడులు శిశు వికాసం నుంచి టీచరు ఉద్యోగం దాకా ఒక దారి, పాకశాస్త్రం నుంచి హోటల్ దాకా ఒక దారి, మానవ సేవల వైపు ఇంకో దారి వేశాయి. ఇల్లు ఎలా నడపాలో చెప్పే ఒంటరి కోర్సు ఏ దారిలోనూ పడదు. కోర్సు ఉండొచ్చు, దాన్ని చదివిన పిల్ల లెక్కలోకి రాదు.

చట్టానికి ఇంత పెత్తనం అంటగట్టడం అతి కాదా అని చరిత్రకారులు అడగవచ్చు. స్త్రీలు ఉద్యోగాలకి వెళ్లారు, రెడీమేడ్ బట్టలూ ప్యాకెట్ భోజనాలూ వచ్చాయి, కాలేజీ సీటు మీద మోజు పెరిగింది. వీటన్నిటి వల్ల ఈ చదువు ఎలాగైనా మారేది, చట్టాలు ఆ మార్పుని నమోదు మాత్రమే చేశాయి అని వాళ్లంటారు. ఇందులో సగం నిజం ఉంది. సమాజం ఒత్తిడి లేకపోతే 1963 చట్టమే వచ్చేది కాదు. కానీ సమాజం ఒత్తిడికి ఒక్కటే దిక్కు ఉండదు. స్త్రీలు ఉద్యోగాలకి వెళ్లాక ఇంటి పని మాయమవలేదు. దాన్ని ఇద్దరూ పంచుకోవాల్సి వచ్చింది, కాబట్టి అది ఇద్దరికీ నేర్పాల్సిన అవసరం పెరిగింది. ప్యాకెట్ తిండి పెరిగినప్పుడు దాని మీది పట్టిక చదవడం నేర్పాల్సిన అవసరమూ పెరిగింది. అప్పు తేలికగా దొరికే రోజుల్లో వడ్డీ లెక్క నేర్పాల్సిన అవసరం ఇంకా పెరిగింది. సమాజం ఒకేసారి రెండు వైపులకీ తోసింది, ఉద్యోగం వైపు తోపుకే పద్దు దొరికింది. 2010లో ఆలిస్ లిక్టెన్‌స్టైన్, డేవిడ్ లడ్విగ్ అనే పోషకాహార పరిశోధకులు అమెరికా వైద్య సంఘం పత్రికలో హోమ్ ఎకనామిక్స్‌ని వెనక్కి తీసుకురమ్మని రాశారు. స్థూలకాయం పెరుగుతున్న దేశంలో పిల్లలకి వండుకోవడం రాకపోవడం ఆరోగ్య సమస్య అని వాళ్ల మాట. అవసరం పోయి ఉంటే వైద్యుల పత్రిక ఆ ఊసెత్తేది కాదు. అయినా 2012 నాటికి హైస్కూళ్లలో ఈ కోర్సుల్లో చేరినవాళ్లు సుమారు 35 లక్షలు. పదేళ్లలో దాదాపు 38 శాతం తగ్గారు.

ఇంకా బలమైన ఆక్షేపణ ఇంకోటుంది. పాత చదువు పిల్ల చేతికి ఏమీ ఇవ్వలేదు, కొత్తది కనీసం ఒక సర్టిఫికెట్టూ ఒక ఉద్యోగమూ ఇస్తుంది కదా. పేదింటి పిల్లకి ఇంటి నిర్వహణ పాఠం కంటే జీతం ముఖ్యం అన్నది కాదనలేని మాట. చాలా బడుల్లో ఈ దారి నిజంగానే పకడ్బందీగా ఉంది. బడి లోపలే చిన్న ప్రీస్కూలు నడుపుతారు. పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు అందులో పసివాళ్లతో పనిచేసి, 120 గంటల శిక్షణ, 480 గంటల అనుభవం పూర్తిచేస్తే చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్ అనే జాతీయ గుర్తింపుకి అర్హులవుతారు. పదిహేడేళ్లకే చేతిలో ఒక విద్య ఉండటం చిన్న విషయం కాదు. కానీ ఆ దారి చివర ఏముందో కూడా చూడాలి. 2023 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో శిశు సంరక్షణ కార్మికుల మధ్యస్థ వేతనం గంటకి 14.60 డాలర్లు. అన్ని ఉద్యోగాలకీ కలిపి మధ్యస్థం 23 డాలర్ల పైచిలుకు. ఇంట్లో జీతం లేకుండా చేసినప్పుడు ఆ పనికి ఎంత విలువ కట్టారో, బజార్లో జీతానికి చేసినప్పుడు కూడా దాదాపు అదే చిన్నచూపుతో విలువ కడుతున్నారు. పని ఒకటే, చేసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే, తక్కువ విలువా పాతదే. కెరీర్ అన్న మాట జోడించగానే ఈ చిన్నచూపు పోదు. పసిబిడ్డ పెంపకం ఎంత కష్టమైన శాస్త్రమో ప్రతి పిల్లకీ, ముఖ్యంగా ప్రతి మగపిల్లాడికీ, బడిలో తెలిసిన సమాజంలోనే ఆ పనికి జీతం పెంచమన్న మాట చెల్లుతుంది. అందరికీ నేర్పడం మానేసి కొందరికే ఉద్యోగంగా నేర్పితే, ఆ కొందరి జీతమూ పెరగదు. అటు ఇల్లూ ఇటు ఉద్యోగమూ రెండూ నష్టపోయే ఏర్పాటిది.

పోయిన భాగం వేరే తలుపులోంచి వెనక్కి వస్తున్న తీరు కూడా గమనించదగ్గది. సొంత డబ్బు లెక్కల పాఠాన్ని ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాలు తప్పనిసరి చేస్తున్నాయి. కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. దీన్ని ఎవరూ ఇంటి చదువు అనడం లేదు. చాలాచోట్ల సాంఘిక శాస్త్రం టీచర్లో, కామర్స్ టీచర్లో చెబుతున్నారు. వందేళ్లుగా ఇంటి బడ్జెట్ నేర్పుతూ వచ్చిన టీచర్ల కొరత మాత్రం అలాగే ఉంది. డబ్బు పాఠం మగవాళ్ల లోకానిదని తోస్తే తప్పనిసరి అవుతుంది, వంటింటి పాఠం ఐచ్ఛికంగానే మిగులుతుంది.

ఈ కథ మనకి దూరంది కాదు. టెక్సస్‌లో స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలకి 2013 నాటి హౌస్ బిల్ 5 చట్టం పుణ్యమా అని, పిల్ల తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టేటప్పుడే ఎండార్స్‌మెంట్లు అనే అయిదు చదువు దారుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తుంది. మనవాళ్ల చూపు సహజంగా స్టెమ్ మీద ఉంటుంది. పిల్లల వికాసం, బోధన, మానవ సేవలు ఉన్న పబ్లిక్ సర్వీసెస్ వైపు అంతగా పోదు. ఇక మన దేశంలో హోమ్ సైన్స్ అని పిలిచే ఇదే చదువుకి అమెరికాతో నేరుగా చుట్టరికమే ఉంది. అఖిల భారత మహిళా సభ చొరవతో 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ వచ్చింది. 1950లో బరోడా విశ్వవిద్యాలయంలో ఈ విద్యని నిలబెట్టడానికి వచ్చిన ఫ్లెమీ కిట్రెల్ కార్నెల్‌లో డాక్టరేట్ చేసిన నల్లజాతి పోషకాహార శాస్త్రవేత్త. ఇక్కడి నుంచి వెళ్లాక హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆమె నడిపిన శిశు విద్యా ప్రయోగాలు పేదింటి పసివాళ్ల కోసం అమెరికా పెట్టిన హెడ్ స్టార్ట్ పథకానికి దారి చూపినవాటిలో ఉన్నాయి. 1964లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అండగా నిలిచింది 1870ల్లోనే అమ్మాయిలకి ఈ పాఠం పెట్టిన కాన్సాస్ కళాశాలే. హైదరాబాద్ సైఫాబాద్‌లోని హోమ్ సైన్స్ కాలేజీ అప్పట్లో ఆ విశ్వవిద్యాలయం కుటుంబంలోనే ఉండేది. ఇక్కడా విద్యకి రెండు ముఖాలూ ఉన్నాయి. 1975లో అంగన్‌వాడీల పథకం మొదలయ్యాక పోషకాహారం, శిశు వికాసం చదివినవాళ్లకి పని దొరికింది. ఇంకోవైపు పెళ్లి సంబంధాల మాటల్లో హోమ్ సైన్స్ అమ్మాయి చదివిన తేలిక చదువుగా మిగిలిపోయింది. ఇప్పుడు పేర్లు కూడా అమెరికా బాటలోనే మారుతున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ దీన్ని మానవ ఆవరణ శాస్త్రం, కుటుంబ విజ్ఞానం అన్న అర్థంలో కొత్త పాఠ్యపుస్తకంగా తెచ్చింది, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో హోమ్ సైన్స్ పట్టా కమ్యూనిటీ సైన్స్ అయింది. బడుల్లో తొమ్మిదో తరగతి నుంచి పర్యాటకం, బ్యూటీ అండ్ వెల్‌నెస్ లాంటి వృత్తి కోర్సులు వేరే పద్దు కింద వస్తున్నాయి. అమెరికా వందేళ్లలో నడిచిన దారిని మనం అడ్డదారిలో ఇరవై ఏళ్లలో నడుస్తున్నట్టుంది.

కాబట్టి అమెరికా అనుభవం నుంచి తీసుకోవాల్సిన పాఠం పేరు మార్చుకోవాలా వద్దా అన్నది కాదు, కెరీర్ పాత్‌వే మంచిదా చెడ్డదా అన్నదీ కాదు. పాత్‌వే ఉండాలి, పసిబిడ్డల్ని సాకడం, పదిమందికి వండి పెట్టడం, ముసలివాళ్ల ఆలనాపాలనా చూడటం నేర్పుతో చేయాల్సిన ఉద్యోగాలు, వాటికి బడిలోనే దారి వేయడం న్యాయం. కానీ ఆ దారి నిలవాలంటే దాని కింద అందరికీ కలిపి ఒక పునాది కోర్సు ఉండాలి. తిండి, డబ్బు, ఆరోగ్యం, బిడ్డల పెంపకం, ఇంటి పని పంపకం అందులో ఉండాలి, ఆడామగా తేడా లేకుండా ప్రతి విద్యార్థీ చదవాలి. దానికి డబ్బు వృత్తి విద్య పద్దు నుంచి రాకూడదు. లెక్కలకీ సైన్సుకీ వచ్చే మామూలు విద్యా పద్దు నుంచే రావాలి, ఎందుకంటే వృత్తి పద్దు కింద వచ్చిన ప్రతిదాన్నీ చివరికి ఉద్యోగం సంఖ్యతోనే కొలుస్తారు. ఖర్చు పెరుగుతుందని ఆర్థిక శాఖ అంటుంది, సిలబస్‌లో చోటు లేదని విద్యాశాఖ అంటుంది. ఈ రెండు మాటలూ 1917లో అమెరికా కాంగ్రెస్‌కి కూడా అందుబాటులోనే ఉన్నాయి. అది నూటికి 20 అని గీసిన గిరి, అందులో ఒకే ముఖానికి ఇచ్చిన చోటు, ఆ చదువుని నలభై ఏళ్లకి పైగా ఇంటికే అంటించిపెట్టాయి. చదువుని బతికించిన డబ్బే దాన్ని కురచ కూడా చేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంటి పాఠాన్ని ఐచ్ఛికం చేసి రచ్చ పాఠానికే డబ్బు పెడుతున్న విద్యావిధానం ఆ క్రమాన్ని తలకిందులు చేస్తోంది. దాన్ని సరిచేసే చోటు సిలబస్ కమిటీ బల్ల దగ్గర కంటే ముందు బడ్జెట్ పుస్తకంలో ఉంది.